మినిమం చార్జి

రీడింగ్ తీసుకోవడానికి వెళ్ళాను, చూడ్డానికి కాదు.
మౌలాలి వెనక సందులో ఒకప్పటి రేషన్ షాపు.
షట్టర్ మీద చక్కెర, కిరసనాయిలు ధరలు ఇంకా చెరగలేదు.
పైన కొత్త రేకు బోర్డు:
"రాళ్ళబస్తీ తొలి మనుషుల జ్ఞాపకశాల."
మూడు నెలలుగా ఈ సర్వీసు మీద నాకు అనుమానం.
నెలకి నాలుగు యూనిట్లు. ఒకసారైతే మూడు.
మీటరైనా ఆగిపోయి ఉండాలి,
ఎవరైనా తీగ తగిలించుకునైనా ఉండాలి.

ఆగమయ్య స్టూలు మీంచి లేచాడు.
"మనిషొస్తెనే లైటేస్త బిడ్డా.
మనుషులు రారు."
ట్యూబులైటు రెండుసార్లు తడబడి వెలిగింది.
అనుమానం తీరింది, వెళ్ళిపోవచ్చు.
ఇంకా నూట పది ఇళ్ళున్నాయి.
కానీ లైటేశాడు కదా, నా కోసం.

ఒక సమ్మెట. చేతులు పట్టిన చోట
కామ సన్నబడి, మణికట్టులా ఉంది.
ఒక మస్టరు పుస్తకం. పేర్లుండాల్సిన చోట వేలిముద్రలు.
మగవాళ్ళకింత, ఆడవాళ్ళకి అందులో సగం,
పిల్లల ఎదురుగా "బెల్లం" అని రాసుంది.
గాజుపెట్టెలో గుండ్రటి నల్లరాయి,
కింద చీటీ: "పనిముట్టు. ఉపయోగం తెలియదు."
"తెల్వకేంది," అన్నాడు ఆగమయ్య,
"మా అవ్వ ఉప్పు దంచేది దాంతోని.
చీటీ రాసిన పిలగానికి చెప్పిన.
ఆధారం కావాలన్నడు."
నవ్వాను. ఆయన నవ్వలేదు.

"గుట్ట ఎక్కడుండేది?"
కిటికీలోంచి చూపించాడు:
ఒక అపార్ట్‌మెంటు, నీళ్ళ ట్యాంకరు, ఎవరో ఆరేసిన చీర,
వాటి మీద ఆకాశం.
"గా పైన ఖాళీ ఉన్నదంత గుట్టనే.
పాలమూరు దిక్కుకెల్లి పదకొండిండ్లోళ్ళం వచ్చినం.
బండెనక బండి, పట్నం గోడలల్లకు ఎక్కిచ్చినం దాన్ని.
మాకు గోడల్లేవు అప్పుడు. తాటాకులు."

చివరి మూలలో ఒక మీటరు.
నల్లటి డబ్బా, పగిలిన అద్దం, లోపల కదలని చక్రం.
బస్తీకొచ్చిన మొదటి కరెంటు ఇదేనట.
పెంటమ్మ గుడిసెలో ఒక్కటే బల్బు,
బిల్లు పదకొండిళ్ళ వాళ్ళూ పంచుకునేవారట,
ఎవరింట్లో జ్వరముంటే వాళ్ళకి ఆ నెల మాఫీ.
"ఫస్టునాడు రాత్రి ఎవ్వలు మాట్లాడలే," అన్నాడు.
"బుడ్డిదీపం ముంగట అందరం ఒక్కతీరుగ కనవడుతుంటిమి.
బల్బు కింద చూస్తె
మా నాయిన ముసలోడైండు."

దీన్ని మొదట చదివినవాడెవరో.
గుట్ట కింద సైకిలు నిలబెట్టి,
కంకర మీద చెప్పులు జారుతుంటే ఎక్కొచ్చి,
చంకలో లావుపాటి పుస్తకం, చెవిలో పెన్సిలు.
పెంటమ్మ మంచినీళ్ళిచ్చి ఉంటుంది.
అతని పేరు ఏ చీటీ మీదా లేదు.
మా సెక్షన్లో వీధుల్లోకి దిగిన మొదటి ఆడదాన్ని నేను.
నాదీ ఉండదు.

అలవాటు ఊరుకోదు.
అద్దం మీద దుమ్ము వేలితో తుడిచి, వంగి చదివాను:
నాలుగు వందల పదిహేడు.
పైకే అన్నాను కాబోలు.
ఆగమయ్య కాసేపు ఏమీ అనలేదు.
తర్వాత, "దాన్ని ఎవరన్న చదివి శానేండ్లాయె."

రిజిస్టరులో రాయమన్నాడు.
నా పై వరసలో, పోయిన నెల, ఒక బడి పిల్లాడు.
వచ్చిన కారణం: వాన.
నేను రాశాను: రీడింగ్.

బయటికొచ్చి బిల్లు కొట్టాను.
నాలుగు యూనిట్లు. మినిమం చార్జి.
మీటరు మీద ఎర్రచుక్క ఇంకా మిణుకుతోంది.
నేనొచ్చేసినా
లోపల ఆయన లైటు తియ్యలేదు.

పక్కింటామె నా కోసమే కాచుకునుంది.
"గింత బిల్లేందమ్మా,
మేమేమన్న ఫ్యాక్టరీ నడుపుతున్నమా?"
ఆమె చెయ్యి ఆనించిన ప్రహరీలో
సిమెంటు రాలిన చోట
ఉలి గాట్లతో ఒక రాయి కనిపించింది.
ఆ గుట్టదే అనుకున్నాను.
ఆధారం లేదు.
ఆమె యూనిట్లు ఎక్కించి
చీటీ చింపిచ్చాను.